ఫ్లాష్ పోయాక మిగిలిన నల్ల పెట్టెలు: ఒక సంగీత పాఠశాల వెబ్‌సైట్ కేస్ స్టడీ

చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభకి నడిచి వెళ్లేంత దూరంలో ఒక చిన్న సంగీత పాఠశాల ఉంది. గాత్రం, వీణ నేర్పుతారు. వాళ్ల వెబ్‌సైట్ 2009 ప్రాంతంలో తయారైంది. అప్పటికి అది ముందుచూపుతో చేసిన పనే. సరళీ స్వరాల నుంచి కృతుల దాకా పాఠాల వీడియోలు, వార్షికోత్సవ కచేరీలు అన్నీ పేజీల్లోనే పెట్టారు. నగరంలో ఉన్నవాళ్లూ, అమెరికా వెళ్లిన పిల్లలూ వాటిని చూసి సాధన చేసుకునేవాళ్లు. సైట్ నా చేతికి వచ్చేసరికి అందులో ఒక్క వీడియో కూడా ప్లే కావడం లేదు. పాఠం ఉండాల్సిన చోట నల్ల పెట్టె, లేదంటే ప్లగిన్‌కి సపోర్ట్ లేదన్న మెసేజ్.

కొత్త పాఠాలు వాట్సాప్‌లో వెళ్లిపోతుండటంతో పాఠశాలవాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. వాళ్లని కదిలించింది ఒక విద్యార్థిని తండ్రి చేసిన ఫోన్. ఒకప్పుడు బ్రౌజర్లలో వీడియోలు ఆడించింది అడోబీ కంపెనీ ఫ్లాష్ ప్లేయర్, బ్రౌజర్‌కి విడిగా తగిలించుకునే ప్లగిన్. ఆ అమ్మాయి వీడియో చూద్దామని దాని కోసం వెతికి, ఎక్కడో దొరికిన ఫైల్ ఇన్‌స్టాల్ చేసింది. ఇక లాప్‌టాప్ తెరిస్తే చాలు, అక్కర్లేని యాడ్స్. అడోబీ ఫ్లాష్‌కి సపోర్ట్‌ని 2020 డిసెంబర్ 31తో ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి పాత ప్లేయర్‌లో కంటెంట్ నడవకుండా చేసింది. ఆ తర్వాత "ఫ్లాష్ అప్‌డేట్" పేరుతో ఎవరైనా ఏదైనా ఇస్తున్నారంటే అది మాల్‌వేర్ అనుకోవడమే మంచిది. అంటే వీడియోని పేజీలో చూపించే పాత ఎంబెడ్ కోడ్‌ని అలాగే వదిలేస్తే వీడియో కనపడకపోవడం ఒక్కటే నష్టం కాదు, చూడటానికి వచ్చినవాళ్లని మనమే ఆ వలలోకి పంపినట్టు.

ఈ పని గురించి అడిగే జూనియర్లు చాలామంది "ఫ్లాష్‌ని పిలిచే ఆబ్జెక్ట్ ట్యాగ్ తీసేసి వీడియో ట్యాగ్ పెట్టడమే కదా" అంటారు. ట్యాగ్ మార్చడం ఇందులో చిన్న ముక్క. ప్లగిన్ ఉన్న రోజుల్లో డీకోడర్, ప్లేయర్, బటన్లు అన్నీ అదే మోసుకొచ్చేది. ఇప్పుడు ఆ పని బ్రౌజర్ చేస్తుంది. కానీ దానికి పనికొచ్చే ఫైల్, సరిగ్గా జవాబిచ్చే సర్వర్ మనం సమకూర్చాలి. నా సమయం ఎక్కువగా ఆ రెండింటికే పోయింది.

సైట్‌లో ఏమున్నాయి

మొదట పేజీలన్నీ స్క్రిప్ట్‌తో వడపోసి చూశాను. మూడు రకాలు తేలాయి. కచేరీలు యూట్యూబ్‌లో ఉన్నాయి, కానీ పేజీలో పెట్టింది పాత ఫ్లాష్ కోడ్, 425 బై 344 సైజులో. పాఠాలు ఎఫ్‌ఎల్‌వీ (ఫ్లాష్ వీడియో) ఫైళ్లుగా వాళ్ల సర్వర్‌లోనే ఉన్నాయి, వాటిని ఒక ఫ్లాష్ ప్లేయర్ తెరిచేది. ఇవి కాక విండోస్ మీడియా ప్లేయర్‌ని పేజీలో తెరిచే కొన్ని డబ్ల్యూఎంవీ ఫైళ్లు. అవి అప్పట్లో కూడా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప ఎక్కడా సరిగ్గా నడిచి ఉండవు.

అన్నీ యూట్యూబ్‌లో వేసేస్తే సరిపోదా అని టీచరుగారి మేనల్లుడు అడిగాడు. సర్వర్ ఖర్చు ఉండదు, ఏ ఫోన్‌కి ఏ క్వాలిటీ ఇవ్వాలో వాళ్లే చూసుకుంటారు. చాలా సైట్లకి నేనూ అదే చెబుతాను. టీచరుగారు మాత్రం ఒప్పుకోలేదు. "బాబూ, పిల్ల సరిగ్గా షడ్జం పట్టుకునే టైముకి సబ్బు యాడ్ వస్తే ఇంకేం సాధన?" అన్నారు. నిజమే. పైగా పాఠాల వీడియోల్లో చిన్నపిల్లలు కనిపిస్తారు. అన్‌లిస్టెడ్ అని పెట్టినా లింక్ చేతికి చిక్కినవాళ్లెవరైనా చూడొచ్చు. వీడియో చివర వచ్చే సిఫార్సులు కూడా పూర్తిగా మన చేతిలో లేవు. పాత చిట్కా ఒకటుంది, లింక్ చివర రెల్ సున్నా అని పెట్టడం. 2018 సెప్టెంబర్ నుంచి అది సిఫార్సులని తీసేయదు, అదే ఛానెల్ వీడియోలు చూపిస్తుంది, అంతే.

చివరికి కచేరీలు యూట్యూబ్ ఐఫ్రేమ్‌తో (మన పేజీలో వేరే సైట్‌ని చూపించే కిటికీ), పాఠాలు సొంత ఫైళ్లతో వీడియో ట్యాగ్‌లో పెట్టాలని నిర్ణయించాం. నలుగురూ చూడాలనుకున్నది ఒక దారి, మన పిల్లలు కూర్చుని నేర్చుకోవాల్సింది ఇంకో దారి.

యూట్యూబ్ భాగం

ఇది తేలికగానే అయింది. పాత కోడ్‌లో అడ్రస్ మధ్య ఒక్క "వి" అక్షరం, దాని తర్వాత 11 అక్షరాల వీడియో ఐడీ ఉంటాయి. ఆ ఐడీ తీసుకుని, కొత్త అడ్రస్‌లో "ఎంబెడ్" తర్వాత పెడితే చాలు. యూట్యూబ్ ఐఫ్రేమ్ పద్ధతి 2010లోనే మొదలుపెట్టింది, 2015 జనవరిలో హెచ్‌టీఎంఎల్5 ప్లేయర్‌ని డిఫాల్ట్ చేసింది. మధ్యలో ఎవరో కొన్ని పేజీల్లో మామూలు వాచ్ లింక్‌నే ఐఫ్రేమ్‌లో పెట్టి ఉన్నారు. అది ఎప్పటికీ తెరుచుకోదు, వాచ్ పేజీని వేరే సైట్ ఫ్రేమ్‌లో తెరవనివ్వరు. ఈలోగా ఛానెల్‌లోంచి తీసేసిన వీడియోలు ఏవో తెలుసుకోవడానికి ప్రతి ఐడీని వీడియో వివరాలు చెప్పే యూట్యూబ్ ఓఎంబెడ్ అడ్రస్‌కి పంపి చూశాను. ఉన్నవాటికి టైటిల్, థంబ్‌నెయిల్ వస్తాయి, లేనివాటికి ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ వచ్చిన వాటిని పేజీల్లోంచి తీసేశాను.

కొలతల విషయంలో పాత వెడల్పు, ఎత్తు తీసేసి సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని చెప్పే కోడ్) యాస్పెక్ట్ రేషియో, అంటే వెడల్పు ఎత్తుల నిష్పత్తి ఇచ్చాను. ఫోన్‌లో వీడియో స్క్రీన్ దాటి బయటికి పోకుండా అది చూసుకుంటుంది. ఒకప్పుడు దీనికోసం ప్యాడింగ్‌లో 56.25 శాతం పెట్టి తంటాలు పడేవాళ్లం. ప్రతి ఐఫ్రేమ్‌కీ టైటిల్ రాశాను. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి అది లేకపోతే పేజీలో ఫలానా కచేరీ ఉందని తెలిసే దారే లేదు.

రెండు చోట్ల మాత్రం ఆగాల్సి వచ్చింది. వార్షికోత్సవాల పేజీలో కచేరీలన్నీ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఒక్కో యూట్యూబ్ ప్లేయర్ ప్లే నొక్కకముందే వందల కిలోబైట్ల స్క్రిప్ట్ దించుతుంది. అన్నీ ఒకేసారి లోడ్ అయితే తక్కువ ధర ఫోన్ వేడెక్కడం ఖాయం. తక్కువ వీడియోలున్న పేజీలకి లేజీ లోడింగ్ (తెర మీదికి వచ్చేటప్పుడే దించడం) ఒక్కటే సరిపోయింది. ఈ పేజీకి మాత్రం మొదట థంబ్‌నెయిల్ చూపించి, నొక్కాకే ఐఫ్రేమ్ తెచ్చేలా చేశాను. దీనివల్ల కొన్ని ఐఫోన్లలో రెండుసార్లు నొక్కాల్సి వస్తుంది. పేజీ చప్పున తెరుచుకోవడం కోసం ఆ మాత్రం ఇబ్బంది ఫర్వాలేదనిపించింది.

రెండోది 153 అనే ఎర్రర్. ఐఫ్రేమ్ కోడ్‌లో ఏ లోపమూ లేదు, అయినా ప్లేయర్ ఆ నంబర్ చూపించి ఆగిపోతోంది. కారణం సర్వర్‌లో ఎవరో భద్రత కోసం పెట్టిన రెఫరర్ పాలసీ, నో-రెఫరర్ అని. అంటే ఏ సైట్ నుంచి అడుగుతున్నామో చెప్పవద్దని. వీడియో ఏ సైట్‌లో ప్లే అవుతోందో యూట్యూబ్‌కి తెలియాలి. ఆ సమాచారమే వెళ్లకపోతే ఒప్పుకోదు. పాలసీని స్ట్రిక్ట్-ఆరిజిన్-వెన్-క్రాస్-ఆరిజిన్‌కి మార్చగానే వీడియోలు వచ్చాయి. ఇలాంటప్పుడు ఐఫ్రేమ్ కోడ్‌ని గంటలకొద్దీ తిరగరాయడం కన్నా సర్వర్ హెడర్లు చూడటం మేలు.

ఫైళ్లు

అసలు పని ఇక్కడుంది. ఎఫ్‌ఎల్‌వీ అనేది డబ్బా పేరు మాత్రమే. లోపల వీడియోని కుదించిన పద్ధతి (కోడెక్) సోరెన్సన్ కావొచ్చు, వీపీ6 కావొచ్చు, హెచ్.264 కూడా కావొచ్చు. ముందు ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్ అనే టూల్‌తో లోపల ఏముందో చూడాలి. హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియో ఉన్నాయంటే అదృష్టమే. వీడియోని మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఎంపీ4 డబ్బాలోకి మార్చేస్తే చాలు, క్వాలిటీ రవ్వంత కూడా తగ్గదు, సెకన్లలో అయిపోతుంది. మిగతావాటిని కొత్తగా ఎన్‌కోడ్ చేయక తప్పదు. కానీ అసలే నలిగిన ఫైల్‌ని ఇంకోసారి నలపడం నాకు ఇష్టం లేదు.

అందుకే ఇలాంటి పనిలో నేను అడిగే మొదటి ప్రశ్న "అమ్మా, అసలు టేపులు ఉన్నాయా?" అని. ఉన్నాయి. బీరువాలో మినీ డీవీ క్యాసెట్లు, వాటి మీద రాగం పేరు, తేదీ. టీచరుగారి చేతిరాతే. పాత కెమెరా కూడా పనిచేస్తోంది. దొరకనిది ఆ కెమెరాని కలపడానికి కావాల్సిన ఫైర్‌వైర్ పోర్టున్న కంప్యూటర్. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగితే పాత కార్డు, కేబుల్ దొరికాయి. డీవీ గంటకి సుమారు 13 జీబీ తీసుకుంటుంది, కాబట్టి ఒక హార్డ్ డిస్క్ దీనికే కేటాయించాం. టేపు ఆడినంతసేపూ కాపీ అవుతూనే ఉంటుంది, తొందరపెట్టే దారి లేదు.

డీవీతో ఒక చిక్కుంది. మన దగ్గర తీసినవన్నీ పాల్ అనే టీవీ పద్ధతిలో ఉంటాయి. 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్. ఒక్కో ఫ్రేములో సరి గీతలు ఒక క్షణంవి, బేసి గీతలు ఇంకో క్షణంవి. పాత టీవీలో తేడా తెలియదు. కంప్యూటర్‌లో అలాగే చూపిస్తే కదిలే వస్తువు అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయి. వీణ పాఠంలో కదిలేవి వేళ్లే, పిల్లలు చూడాల్సిందీ వేళ్లనే. వీడియోలు మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రోగ్రాంలో బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్‌తో డీఇంటర్‌లేస్ చేశాను, అంటే ఆ గీతల చీలిక తీసేశాను. వీణ పాఠాలకి ప్రతి ఫీల్డ్‌నీ (సరి గీతలు ఒకటి, బేసి గీతలు ఒకటి) ఒక ఫ్రేముగా తీసుకుని సెకనుకి 50 ఫ్రేములు ఉంచాను. గమకం ఎలా లాగుతున్నారో అప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. గాత్రానికి 25 చాలు. ఇంకో సంగతి, డీవీ పిక్సెళ్లు చతురస్రాలు కావు. ఆ లెక్క సరిచేయకపోతే మనుషులు కాస్త సన్నగానో లావుగానో కనిపిస్తారు.

కోడెక్ విషయంలో ఎక్కువ ఆలోచించలేదు. హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియో, ఎంపీ4 డబ్బా. ఏవీ1 అనే కొత్త కోడెక్ తక్కువ సైజులో మంచి బొమ్మ ఇస్తుంది, నిజమే. కానీ దాన్ని హార్డ్‌వేర్‌తో డీకోడ్ చేసే ఐఫోన్లు 2023లో వచ్చిన 15 ప్రో నుంచే మొదలు. ఏవీ1 పెట్టుకుని, పాత ఫోన్ల కోసం రెండు మూడు రకాల ఫైళ్లు నిర్వహించడం ఇంత చిన్న పాఠశాలకి అనవసరం. పిక్సెల్ ఫార్మాట్ (రంగుల సమాచారం దాచే తీరు) వైయూవీ420పీ అని ఖచ్చితంగా చెప్పాలి. కొన్ని మూలాల నుంచి ఎన్‌కోడర్ 422 లేదా 444 తీసుకుంటుంది, అప్పుడు కొన్ని బ్రౌజర్లలో శబ్దం వస్తూ బొమ్మ రాకపోవచ్చు. కొత్తగా ఐఫోన్‌లో తీసిన పాఠాలు హెచ్‌ఈవీసీ అనే ఇంకో కోడెక్‌లో వస్తున్నాయి, వాటినీ హెచ్.264కే మారుస్తున్నాం.

ఆడియో దగ్గర మాత్రం పొదుపు చేయనివ్వలేదు. 64 కేబీపీఎస్ మోనోలో విని చూస్తే గొంతు బాగానే ఉంది, వెనక తంబుర మాత్రం గరగరలాడుతోంది. సంగీత పాఠంలో తంబుర వినపడకపోతే మిగతాది ఎంత బాగున్నా లాభం లేదు. 160 కేబీపీఎస్ స్టీరియోకి వెళ్లాం. బొమ్మలో కాస్త తగ్గించి ఆడియోకి ఇవ్వడం ఇలాంటి సైట్‌కి సరైన బేరం. వీడియో, ఆడియో కలిపి సుమారు 1 ఎంబీపీఎస్ వస్తే 10 నిమిషాల పాఠం 75 ఎంబీ అవుతుంది. ఇప్పటి మొబైల్ డేటా ప్లాన్లకి అది భారం కాదు.

సర్వర్

ఫైళ్లు సిద్ధమయ్యాక ఆండ్రాయిడ్ క్రోమ్‌లో వీడియోలు ప్లే అయ్యాయి, ఐఫోన్‌లో కాలేదు. ఈ ఫిర్యాదు వినని వెబ్ డెవలపర్ ఉండడు. ఫైల్ అనుమానం మొదట వస్తుంది, కానీ చాలాసార్లు దోషం సర్వర్‌ది.

బ్రౌజర్ వీడియోని మొత్తంగా అడగదు. ఇన్నో బైట్ నుంచి ఇన్నో బైట్ దాకా ఇవ్వు అని రేంజ్ రిక్వెస్ట్ పంపుతుంది. సర్వర్ 206 అనే కోడ్‌తో ఆ ముక్క మాత్రమే ఇవ్వాలి. సఫారీ అయితే ముందు మొదటి రెండు బైట్లు అడిగి పరీక్షిస్తుంది. దానికి జవాబుగా 200 కోడ్‌తో ఫైల్ మొత్తం వస్తే ప్లే చేయడానికి నిరాకరిస్తుంది. క్రోమ్ అంత పట్టింపుగా ఉండదు, ప్లే చేస్తుంది, కానీ ముందుకి జరపాలంటే మొరాయిస్తుంది. పాత సైట్‌లో ప్రతి వీడియో ఒక పీహెచ్‌పీ స్క్రిప్ట్ గుండా వెళ్లేది, ఎంతమంది చూశారో లెక్కపెట్టడానికి. ఆ స్క్రిప్ట్‌కి రేంజ్ అంటే ఏమిటో తెలియదు. దాన్ని పక్కన పెట్టి, ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వరే నేరుగా ఫైల్ ఇచ్చేలా చేయగానే ఐఫోన్ దారికొచ్చింది. ఈ అనుమానం వచ్చినప్పుడు కర్ల్ కమాండ్‌తో రేంజ్ హెడర్ పంపి, 206 వస్తోందో లేదో చూడండి. అలాగే కంటెంట్ టైప్ వీడియో/ఎంపీ4 అని ఉందో లేదో చూడండి.

రెండో సంగతి మూవ్ ఆటమ్. ఎంపీ4లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక అది. ఎన్‌కోడర్ దాన్ని మామూలుగా ఫైల్ చివర రాస్తుంది, ఎందుకంటే పని ముగిసేదాకా దానికి లెక్క తెలియదు. సూచిక చివర ఉంటే బ్రౌజర్ ముందు ఫైల్ తోక దాకా వెళ్లి వెనక్కి రావాలి. రేంజ్ లేని సర్వరైతే ఫైల్ మొత్తం దిగేదాకా తెర నల్లగానే ఉంటుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో మూవ్‌ఫ్లాగ్స్‌కి ఫాస్ట్‌స్టార్ట్ ఇస్తే సూచిక ముందుకి వస్తుంది. ఒక్క పదం, కానీ అది మరిచిపోయిన సైట్లు నాకు ఇప్పటికీ తగులుతూనే ఉంటాయి.

వీడియోలని పాత షేర్డ్ హోస్టింగ్‌లో ఉంచలేదు. "అన్‌లిమిటెడ్" అని అమ్మే ప్లాన్ల షరతులు చదివితే వీడియోలకి చాలాచోట్ల మినహాయింపు ఉంటుంది. ఫైళ్లు ఆబ్జెక్ట్ స్టోరేజీలో (ఫైళ్లు దాచే క్లౌడ్ సేవ) పెట్టి ముందు సీడీఎన్ (చూసేవాళ్లకి దగ్గర్లోని సర్వర్ల నుంచి ఫైల్ ఇచ్చే ఏర్పాటు) తగిలించాం. వీడియోని చిన్న ముక్కలుగా పంపే హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతి వాడలేదు. పది నిమిషాల పాఠాలకి ఒకే ఎంపీ4 సరిపోతుంది. ముక్కలుగా కోసి, క్వాలిటీలు మార్చే ఏర్పాటు చేసి, క్రోమ్ పాత వెర్షన్లకీ ఫైర్‌ఫాక్స్‌కీ అదనంగా జావాస్క్రిప్ట్ లైబ్రరీ మోయడం ఇక్కడ దండగ.

పాఠం చూసే పద్ధతి

ప్లేయర్ లైబ్రరీ ఏదీ తీసుకోలేదు. వీడియో ట్యాగ్‌లో కంట్రోల్స్, పోస్టర్, ఐఫోన్‌లో పేజీలోనే ప్లే కావడానికి ప్లేస్‌ఇన్‌లైన్. ప్రీలోడ్‌కి మెటాడేటా, అంటే నొక్కకముందు నిడివి లాంటి వివరాలే దిగుతాయి. ఆటోప్లే జోలికి పోలేదు. శబ్దంతో ఆటోప్లేని క్రోమ్ 2018 నుంచి మామూలుగా అడ్డుకుంటుంది, అయినా పాఠం దానంతట అది మొదలవ్వాల్సిన అవసరం ఏముంది?

రెండు బటన్లు మాత్రం చేర్చాను. ఒకటి వేగం తగ్గించేది. టీచరుగారికి అనుమానం వచ్చింది, వేగం తగ్గితే శ్రుతి దిగిపోదా అని. టేప్ రికార్డర్ అనుభవం అది. బ్రౌజర్‌లో వేగం మార్చినా పిచ్ అలాగే ఉంచే సౌకర్యం డిఫాల్ట్‌గానే ఉంటుంది. 0.75 వేగంలో పెట్టి, పక్కన ఎలక్ట్రానిక్ తంబుర వేసుకుని విన్నారు. శ్రుతి కదల్లేదు. 0.5లో గమకాలు కాస్త పగిలినట్టు వినిపిస్తాయి, అందుకే ఆ వేగం ఇవ్వలేదు.

రెండోది ఒక భాగాన్ని పదేపదే వినే బటన్. మొదలు, చివర గుర్తుపెట్టుకుని, చివర రాగానే మొదటికి పంపాలి. మామూలుగా దీనికి వీడియో ఎక్కడిదాకా వచ్చిందో బ్రౌజర్ చెప్పే టైమ్‌అప్‌డేట్ ఈవెంట్ వాడతారు. అది చాలా బ్రౌజర్లలో సెకనుకి నాలుగు సార్లకి మించి రాదు. అక్షరానికి ఒక సెకను పట్టే లయలో మూడో కాలం పాడితే పావు సెకను అంటే ఒక స్వరం. అంటే లూప్ ఒక స్వరం ఆలస్యంగా తిరుగుతుంది, తాళం తప్పుతుంది. రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్‌తో ప్రతి ఫ్రేముకీ సమయం చూసేలా మార్చాను. కీఫ్రేముల (పూర్తి బొమ్మ ఉండే ఫ్రేములు) దూరం కూడా తగ్గించాలి. హెచ్.264 తయారుచేసే ఎక్స్264 ఎన్‌కోడర్ డిఫాల్ట్‌లో 250 ఫ్రేముల దాకా పోనిస్తుంది, సెకనుకి 25 చొప్పున అది 10 సెకన్లు. మధ్యలోకి దూకమంటే బ్రౌజర్ వెనకటి కీఫ్రేము నుంచి డీకోడ్ చేసుకుంటూ రావాలి, పాత ఫోన్‌లో ఆ తడబాటు కనిపిస్తుంది. 50 ఫ్రేములకి కుదించాను. ఫైల్ కొద్దిగా పెరిగింది, లూప్ చప్పున తిరుగుతోంది.

ఎవరూ డౌన్‌లోడ్ చేసుకోకుండా చేయొచ్చా అని అడిగారు. డౌన్‌లోడ్ బటన్ దాచొచ్చు, లింక్‌కి గడువు పెట్టొచ్చు, ఆ రెండూ చేశాను. కానీ బ్రౌజర్‌లో ప్లే అయ్యేది దించుకోవాలనుకున్నవాడికి దొరుకుతుందని కూడా చెప్పాను. డీఆర్‌ఎం (కాపీ కాకుండా వేసే డిజిటల్ తాళం) సినిమాలు అమ్మే కంపెనీలు పడే బాధ, మనకొద్దు.

తెలుగు సాహిత్యం

సాహిత్యం, స్వరం వీడియో కింద వస్తూ ఉంటే బాగుంటుందన్నారు. ట్రాక్ ట్యాగ్‌తో వెబ్‌వీటీటీ (బ్రౌజర్ల సబ్‌టైటిల్ ఫార్మాట్) ఫైల్ ఇస్తే బ్రౌజరే చూపిస్తుంది. ఫైల్ యూటీఎఫ్-8లోనే ఉండాలి. పాఠశాల పుస్తకాలన్నీ యూనికోడ్ కాని అను ఫాంట్స్‌లో టైప్ చేసినవి. వాటిని అలాగే కాపీ చేస్తే తెలుగు బదులు ఏవో లాటిన్ గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడ తారుమారయ్యాయి. టీచరుగారి శిష్యురాలొకరు కూర్చుని ప్రతి పంక్తీ దిద్దారు. ఆ పని సాఫ్ట్‌వేర్‌కి వదిలేయకూడదు.

సబ్‌టైటిల్స్ చేసినవాళ్లు ఎస్‌ఆర్‌టీ ఫైల్ ఇస్తే పేరు మార్చి వాడేయకండి. ఎస్‌ఆర్‌టీలో మిల్లీసెకన్ల ముందు కామా ఉంటుంది, వెబ్‌వీటీటీలో చుక్క ఉండాలి. మొదటి పంక్తిలో వెబ్‌వీటీటీ అన్న మాట కూడా ఉండాలి. ఇంకొకటి, వీడియోలు వేరే డొమైన్‌లో ఉన్నాయి కాబట్టి ట్రాక్ ఫైల్‌కి క్రాస్ఆరిజిన్ అనుమతి కావాలి. లేకపోతే తెర మీద ఏ ఎర్రరూ కనిపించదు, అక్షరాలు మాత్రం రావు.

ఇప్పుడు కొత్త పాఠం తీస్తే మేనల్లుడు దాన్ని ఒక ఫోల్డర్‌లో వేస్తాడు. స్క్రిప్ట్ అదే ఎన్‌కోడ్ చేసి, సూచికని ముందుకి తెచ్చి, అప్‌లోడ్ చేస్తుంది, పేజీలో పెట్టాల్సిన కోడ్ రాసిస్తుంది. డబ్ల్యూఎంవీ ఫైళ్లని కూడా అదే స్క్రిప్ట్ మార్చేసింది, వాటి మీద ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. బీరువాలో కొన్ని టేపులకి బూజు పట్టింది. వాటిని మా కెమెరాలో పెడితే హెడ్ పాడవుతుందని పక్కన ఉంచాం, శుభ్రం చేసే మనిషి కోసం వెతుకుతున్నాం. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన లైవ్ ఇవ్వాలని టీచరుగారు అంటున్నారు. దానికి యూట్యూబ్ లైవ్ ఐఫ్రేమే చాలని చెప్పాను. ఆ రోజు ఎలాగూ పిల్లలు నేర్చుకోవడానికి కాదు, ఊరంతా వినడానికి.